పదకొండు నిమిషాలు

కుతైసీలో మా వీధికి నేనే రొట్టెలవాణ్ణి.
రాత్రంతా బావిలాంటి పొయ్యిలోకి నడుందాకా వంగి
గోడకి పిండి అంటిస్తాను.
అందుకే నాకు రాత్రి
మధ్యాహ్నం పూట వస్తుంది, స్నానాలగదిలో.

కిటికీకి రెండు దుప్పట్లు,
గుమ్మం సందుకి తడి తువ్వాలు,
కుళాయి పక్కన చిన్న టాంకు,
మూత ఎడమచేతి వైపు.
(మూత ఎక్కడ పెట్టానో మరిచిపోయి
ఒకసారి గంటసేపు చీకట్లో దేవులాడాను.
ఆ కథ ననూలి పెళ్ళిళ్ళలో చెబుతుంది.)

దీపం ఆర్పి వందదాకా ఆగుతాను.
వెలుగెక్కడైనా కారుతుంటే అప్పటికి కన్ను పట్టేస్తుంది.
తాళం కన్నంలో సూదిమొనంత.
దూది కుక్కాను.
ఇంక కళ్ళు పొడుచుకున్నా కానరాదు.

అరచేయంత షీటు. అంచులే పట్టుకోవాలి,
వేడి రొట్టెని పట్టుకున్నట్టు.
కుడి పైమూలన గాట్లు చూపుడువేలికి తగిలితే
మందు పూసిన మొహం నావైపని గుర్తు.
ముప్పయ్యేళ్ళ పొయ్యి నా వేలికొసల్ని తోలు చేసింది,
గాట్లు తెలీవు.
పెదవికి ఆనించి చూసుకుంటాను.

ఒకటి: ఝుఝునా, నాణేలు లెక్కపెడుతూ.
రెండు: రియోనీ నదిలో తెల్లరాళ్ళు.
మూడూ నాలుగూ సైకిళ్ళ అవ్తో.
మొదటిసారి కదిలాడు, కదల్లేదంటాడు.
ఐదు: ఆదివారం, చల్లారిన నా పొయ్యి.
ఆరు: ననూలి.

ఒక్కోటీ దాని గాడిలో వంగి ఒదిగి కూర్చోవాలి.
పక్కదానికి తగిలిన చోట మందు చేరదు.

మూత పెట్టాను. స్విచ్చి వేశాను.
చీకటి కదల్లేదు.
మళ్ళీ వేశాను.
ఒక్క క్షణం, కళ్ళే పోయాయనుకున్నా.
తర్వాత వంటింట్లో ఫ్రిజ్జు
ఊరుకోవడం వినిపించింది.
కరెంటు పోయింది. గోడమీది గడియారమూ దానితోనే.
ఫోను కింద పిండిబస్తాల మధ్య ఎక్కడో.
కలిపిన మందు ఇరవై డిగ్రీల దగ్గరుంది,
నాకోసం ఆగదు.

మొదటి నీళ్ళు నేరేడురంగులో పోతాయి.
ఇవాళ ఆ రంగు చూడలేదు,
చప్పుడు విన్నానంతే.

"ననూలీ, టైము చూడు."

మూడు రోజులుగా మాటల్లేవు మాకు.
పాలు కాచే థర్మామీటరు
ఈ మందులో ముంచానని.
తప్పు నాదే, ఒప్పుకోలేదు.
తలుపవతల ఎంతసేపటికీ ఉలుకూ పలుకూ లేదు.
మందు పోసేశాను.

"ఒకటి."

వాళ్ళమ్మ ఇచ్చిన కీ గడియారం ఉంది తన దగ్గర.
లెక్క, మాటల కింద రాదనుకుంటా.

అంకె వినగానే పదిసార్లు శ్వాస తీసేంతసేపు
టాంకుని నెమ్మదిగా తలకిందులు చేస్తాను, నిలబెడతాను.
పిండి పిసికినట్టు చెయ్యకూడదు, నురగొస్తుంది.
"నాలుగు."
మోచేతిదాకా చల్లగా కారుతోంది.
"ఏడు."
గొంతు కాస్త దగ్గరగా వినిపించింది.
కుర్చీ లాక్కున్నట్టుంది.
"ఎనిమిది. నీ రొట్టెలే నయం,
చెప్పిన వేళకి బయటికొస్తాయి.
తొమ్మిది."

పదకొండుకి వెనిగరు నీళ్ళు.
తర్వాత ముక్కు మండించే చివరి మందు.
దానికి లెక్క అడగలేదు. తనే చెప్పింది.

తలుపు తీశాను. తన చేతిలో కొవ్వొత్తి.
ఝుఝునా నల్లశాలువా అద్దంలా తేటగా ఉంది,
నా చొక్కామీద పిండే అనుకుంటా,
ఆమె చేతికి అంటింది, మసిలా.
అవ్తో రెండుసార్లూ కదిలాడు.

ఆరోది గాడి తప్పి
ఐదోదాని వీపుకి ఆనుకుపోయింది.
ఊడదీస్తే
బల్ల ఉంది, చేతులున్నాయి,
మెడ పైన పాలమరకంత ఖాళీ.

"నా మొహమేదీ?"
"పొయ్యికి అంటుకుపోయింది."

నవ్వుతుందనుకున్నాను.
కొవ్వొత్తి దగ్గరికి తెచ్చి
ఆ మరకనే చూస్తూ ఉండిపోయింది.
"కూర్చోబెట్టి, ఊపిరి కూడా పీల్చొద్దన్నావు," అంది.

ఆరింటినీ తీగకి క్లిప్పులు పెట్టాను, మేజోళ్ళ పక్కన.
ఎప్పుడో ఫ్రిజ్జు మళ్ళీ మొదలెట్టింది.
రేపు సంతలో ఒక థర్మామీటరు కొనాలి.
ఏది పాలకో ఏది నాకో
దారం కట్టి గుర్తుపెట్టుకోవాలి,
చీకట్లో పెదవికి తెలిసేలా.